మోరి ముట్టకుండా మోరి ఈగలను తరిమే విధానం

ఈ విధానానికి ఒకటే షరతు. మోరిని ముట్టకూడదు. జాలీ ఎత్తకూడదు, దాని కింద ఏముందో చూడకూడదు, చూసినవాళ్లు చెప్పబోతే వినకూడదు. ఈ షరతుకు కట్టుబడి చేయగలిగినవన్నీ రాస్తున్నాను. ఇవేవీ నేను కనిపెట్టినవి కావు. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో నిగనిగలాడే టైల్స్ వేసిన బాత్రూముల్లో, గ్రానైట్ పరిచిన వంటిళ్లలో చదువుకున్నవాళ్లు రోజూ పాటిస్తున్నవే. నేను చేసిందల్లా వాటిని ఒకచోట పోగుచేయడం.

శత్రువెవరో ముందు గుర్తుపట్టాలని అందరూ అంటారు. నేను వద్దంటాను. గుర్తుపడితే ఎక్కణ్నుంచి వస్తున్నదో తెలుస్తుంది, తెలిస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అయినా పట్టుబట్టి అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున్నే స్నానానికి పోతే నల్లా పక్కన టైల్ మీద, అద్దం మూలన, కదలకుండా కూర్చొని కనిపించే బూడిదరంగు పురుగు ఇది. పొడవు 2 నుంచి 5 మిల్లీమీటర్లు. ఒంటి నిండా, రెక్కల నిండా సన్నటి నూగు. నలిపితే టైల్ మీద బూడిద మరక మిగులుతుంది. ఎగరడం అంతగా చేతకాదు. చెంబెడు నీళ్లు చల్లితే గెంతులు వేసుకుంటూ పోయి నాలుగు టైల్స్ అవతల మళ్లీ కూర్చుంటుంది. శాస్త్రంలో దీని కుటుంబం పేరు సైకోడిడే. కుట్టదు, రక్తం తాగదు.

పుట్టేది మాత్రం మోరి గొట్టం లోపలి గోడకు పట్టే జిగట పొరలో. ఆ పొరలో ఉండేవి సబ్బు నురగ, తల వెంట్రుకలు, ఒంటి మట్టి, గిన్నెల జిడ్డు, గంజి, వాటన్నిటి మీదా పెరిగే బ్యాక్టీరియా, బూజు. ఆడ ఈగ అందులో 30 నుంచి 100 దాకా గుడ్లు పెడుతుంది. రెండు రోజుల్లో అవి పొదుగుతాయి. పురుగు దశలో 9 నుంచి 15 రోజులు ఆ జిగటనే తిని బతుకుతుంది. తోక చివర ఉన్న సన్న గొట్టాన్ని పైకి పెట్టుకొని గాలి పీలుస్తుంది కాబట్టి జిగటలో కూరుకుపోయి ఉన్నా ఊపిరాడుతుంది. తర్వాత ఒకటి రెండు రోజులు ప్యూపాగా ఉండి, రెక్కలు తొడుక్కొని బయటికొచ్చి, ఇంకో రెండు వారాలు మీ అద్దం మీద కూర్చుంటుంది. వేడి పెరిగితే ఈ లెక్కంతా వేగంగా నడుస్తుంది. పాలమూరు ఎండల్లో వేడికేం తక్కువ? ఇప్పుడు చదివింది మరిచిపోండి. ఇకనుంచి వచ్చే సలహాలన్నీ ఇది మరిచిపోయినవాళ్లకే పనికొస్తాయి.

మొదటి ఆయుధం దోమల బ్యాట్. మోరి ఈగ నెమ్మదిగా కదులుతుంది కనుక చేతకాని వాడికి కూడా దొరుకుతుంది. టప్‌మని శబ్దం వస్తుంది, చిన్న నిప్పురవ్వ కనిపిస్తుంది, మనసుకు హాయిగా ఉంటుంది. స్ప్రే డబ్బా కొట్టేవాళ్లకు ఇంకా హాయి. తలుపు మూసి కొట్టి, పావుగంట తర్వాత తెరిస్తే నేల నిండా ఈగలే. వాటిని చూసి "అయిపోయింది పీడ" అని ఇంట్లో ప్రకటించండి. మర్నాడు పొద్దున్నే అద్దం మీద మళ్లీ అన్నే ఉంటాయి. ఎందుకంటే మీరు చంపింది బయటికొచ్చినవాటిని. ఈ రోజు ఈగై బయటికొచ్చేవి, రేపు వచ్చేవి, పదో రోజున వచ్చేవి గొట్టంలో తమ వంతు కోసం ఆగి ఉన్నాయి. ఇట్లాంటప్పుడు స్ప్రే నకిలీదని దుకాణదారుతో గొడవ పెట్టుకోవడం ఉత్తమం. రెండో డబ్బా వేరే దుకాణంలో కొనండి. చచ్చినవాటిని వెంటనే ఊడ్చకండి, గాలికి ఎండి పొడి అయ్యేదాకా ఉంచండి. ఆ నూగు, రెక్కల పొడి ఊపిరితో లోపలికి పోయి దమ్ము వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. ఇంట్లో ఇప్పటికే ఇన్‌హేలర్ వాడేవాళ్లు ఉంటే బ్యాట్ వాళ్లకే ఇవ్వండి.

జీవహింస గిట్టనివాళ్లకు వేరే దారి ఉంది. మురుగునీటిని శుద్ధిచేసే పాత పద్ధతి కేంద్రాల్లో నీటిని రాళ్ల పరుపు మీదుగా పారిస్తారు. ఆ రాళ్లకు పట్టే జిగట మరీ మందమై నీటికి అడ్డం పడకుండా తినేది ఈ ఈగ పిల్లలే. ఇది నిజం. కాబట్టి మీ ఇంట్లో మోరి కడిగే పని అవే చేస్తున్నాయని, జీతం అడగని పనివాళ్లను తరమడం పాపమని వాదించవచ్చు. ఈ వాదనకు ఇంట్లో ఆడవాళ్లు ఏం సమాధానం చెబుతారో వినడానికి ధైర్యం కావాలి. 2012లో రాజమౌళి 'ఈగ' సినిమా వచ్చాక ఈగను చంపాలంటే చెయ్యి ఆడటం లేదనేవాళ్లు కూడా మనలో లేకపోలేదు.

ఇప్పుడు పోయడం సంగతి. మోరిని ముట్టకూడదన్నాను కానీ అందులో ఏదైనా పోయవచ్చు. నిలబడి, ముక్కు మూసుకొని, కాస్త దూరం నుంచి పోయడమే మన సంప్రదాయం. ముందు ఫినాయిల్. తెల్లటి పాలు కారినట్టు గొట్టంలోకి పోతుంది, ఇల్లంతా ఆసుపత్రి వాసన వస్తుంది, ఎవరో శుభ్రం చేశారన్న నమ్మకం కలుగుతుంది. గొట్టం గోడకు పట్టిన జిగట మీద అది ఆగేది రెండు మూడు క్షణాలు. పైపొర కొంచెం తడిసి మిగతాదంతా చాంబర్‌లోకి పోతుంది. అడుగు పొరలో ఉన్న పురుగుకు వాన పడ్డ సంగతి కూడా తెలియదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్ల కథ కూడా ఇదే. అయితే ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ఫినాయిల్‌తో కాలేదు, బ్లీచింగ్‌తో కాలేదు, దాని మీదే టాయిలెట్ యాసిడ్ కూడా పోస్తే మూడింటి బలం కలుస్తుందనుకుంటారు. ఎంత తప్పుడు సలహా అయినా ఇవ్వడానికి నేను సిద్ధమే కానీ ఇది మాత్రం ఇవ్వను. బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే వచ్చేది క్లోరిన్ వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్లు తెరిచి శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. తలుపు మూసిన చిన్న బాత్రూంలో దానికి సైన్యం అక్కర్లేదు. గొట్టం లోపలి పురుగు బతికే ఉంటుంది, పోసినవాడు ఆసుపత్రిలో ఉంటాడు.

యాసిడ్ ఇష్టం లేనివాళ్లు ఫోన్‌లో చూసి వంటసోడా, వెనిగర్ పోస్తారు. బుస్సుమని నురగ పొంగుతుంది. చూడటానికి బాగుంటుంది, పిల్లలను పిలిచి చూపించండి. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం, రెండూ ఒకదాన్నొకటి తినేస్తే మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే. ఆ నురగకు జిగటను గోకే గోళ్లు లేవు. ఇంకొందరు కుతకుతలాడే నీళ్లు పోస్తారు. సబబుగానే కనిపిస్తుంది కానీ గొట్టంలో నాలుగడుగులు పోయేసరికి నీళ్లు చల్లబడతాయి, జిగట పొర లోపలున్నవాటికి దుప్పటిగా పనిచేస్తుంది. పైగా మన ఇళ్లల్లో గొట్టాలు పీవీసీవి, 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడతాయి. రోజూ మరిగే నీళ్లు పోయగా పోయగా ఎల్బో దగ్గర అతుకు వదిలితే గోడ లోపల నీళ్లు కారడం మొదలవుతుంది. అప్పుడు మోరి ఈగకు బాత్రూం చాలదు, పడకగది గోడ కూడా దొరుకుతుంది. విస్తరణ కోరుకునేవాళ్లకు ఇది మంచి పద్ధతి.

వాష్‌బేసిన్‌లో డాంబర్ గోలీలు వేయడం మరవకండి. హోటళ్లలో వేస్తారు, ఫంక్షన్ హాళ్లలో వేస్తారు, మనం మాత్రం ఎందుకు వేయకూడదు? అవి వాసనను వాసనతో కప్పుతాయి. గొట్టంలో ఉన్న పురుగుకు ఏమీ చేయవు, గుండ్రంగా, తెల్లగా ఉండి బేసిన్‌కు అందం మాత్రం ఇస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మిఠాయి అనుకొని నోట్లో పెట్టుకుంటారు, కనుక ఈ సలహా కూడా పిల్లలున్న ఇంటికి కాదు.

వాకిట్లో నీళ్లు నింపిన పాలిథిన్ కవర్లు వేలాడదీయడం తెలిసిందే. ఈగకు అందులో తన నీడ పెద్దగా కనిపించి భయపడుతుందని చెబుతారు. కవరు వాకిట్లో, ఈగ బాత్రూంలో. అయినా నేను రెండు కట్టాను. మా ఇంట్లో మోరి ఈగ లేదు. ఈ విషయంలో ఇంతకంటే రుజువు నేను చూపించలేను.

బయటివాళ్ల మీద నెట్టడం ఈ విధానంలో ముఖ్యమైన భాగం. దీనికి మన మూడు జిల్లాలు చాలా అనువైనవి. ఎటు చూసినా నీళ్లే. వనపర్తి సంస్థానం వాళ్లు తవ్వించిన చెరువులకు సప్తసముద్రాలని పేరు. శ్రీరంగాపురంలో రంగనాథస్వామి గుడి పక్కనే రంగసముద్రం ఉంది. నాగర్‌కర్నూల్‌కు కేసరి సముద్రం ఉంది. గద్వాల వాళ్లకు చెరువు చాలకపోతే జూరాల ఉంది, కృష్ణ ఉంది. "చెరువు గాలికి కొట్టుకొస్తున్నై" అని ఒక్క మాటంటే అందరూ తలూపుతారు. కుదరకపోతే 2009 అక్టోబరు వరదను తీసుకురండి. అలంపూర్‌లో, రాజోలిలో అప్పుడు వచ్చిన నీళ్ల తేమ ఇంకా గోడల్లో ఉందనండి. నీళ్లు చల్లితే నాలుగు టైల్స్ దాటలేని ఈగ చెరువు గట్టు మీదినుంచి మూడు వీధులు దాటి, మీ గేటు వెతుక్కొని, అటాచ్డ్ బాత్రూంకే ఎందుకు వస్తుందని ఎవరూ అడగరు. అడిగితే మాట మార్చండి.

చెరువు కాకపోతే మున్సిపాలిటీ. ఫిర్యాదు పెట్టండి, పొగ మిషన్ తెప్పించండి. వీధి మోరి మీద మూత లేదనేది చాలాచోట్ల నిజమే, ఆ మాట గట్టిగా అడగాల్సిందే. కానీ మీ సింకు కింది గొట్టంలోకి పొగ మిషన్ దూరదు. 2020లో రాష్ట్ర మున్సిపల్ శాఖ "ప్రతి ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు" అని ఒక కార్యక్రమం పెట్టింది. డెంగీ దోమలు పుట్టకుండా ఎవరింట్లో నిలిచిన నీళ్లు వాళ్లే పారబోసుకోవాలని దాని సారాంశం. మంత్రులు కూడా పూలకుండీల్లో నీళ్లు పారబోస్తూ ఫొటోలు దిగారు. మీరు కూడా ఫొటో వరకు దిగండి. కూలర్ ముందు నిలబడితే బాగా వస్తుంది. కూలర్ అడుగున పోయిన ఎండాకాలం నీళ్లు, గడ్డి పీచు, బురద కలిసి ఉంటాయి. ఫొటోలో అవి కనబడవు.

ఇల్లు కట్టేటప్పుడే జాగ్రత్తపడితే ఈ ఈగలకు శాశ్వత నివాసం ఏర్పాటు చేయవచ్చు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి మన మూడు జిల్లాలు విడివడ్డాక ఊళ్లకు ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, కిరాయిలు పెరిగాయి, ఖాళీ ప్లాట్లలో మూడంతస్తులు లేచాయి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఒకవైపు వాటం పెడతాడు, వాస్తు చూసేవాళ్లొచ్చి నీళ్లు ఈశాన్యానికి పోవాలంటారు. వీధి లైను ఉన్నది నైరుతిలో. ఇద్దరినీ నొప్పించకుండా బాత్రూం నేలను దాదాపు సమంగా వేయించండి. అప్పుడు నీళ్లు ఎటూ పోవు. మూలన అరచేయంత మడుగు ఎప్పుడూ ఉంటుంది. టైల్స్ మధ్య సందుల్లో వైట్ సిమెంట్ సరిగ్గా నింపించకండి. నీళ్లు టైల్ కిందికి దిగి అక్కడ ఇసుకను నానబెడతాయి, పైన తుడిస్తే పొడిగా కనిపిస్తుంది, కింద కాపురం సాగుతుంది. మోరి ఎంత కడిగినా ఈగ తగ్గలేదని కొందరు చెప్పేది ఇట్లాంటి ఇళ్లల్లోనే. వనపర్తి రాజుల కోటలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. అక్కడ సివిల్ చదివిన ఏ పిల్లవాడినడిగినా వాటం సంగతి, నీటి అడ్డు సంగతి చెబుతాడు. అడగకండి.

నీటి అడ్డు అన్నాను కదా. నేల మోరిలో జాలీ కింద ప్లంబర్లు నహానీ ట్రాప్ అనేదొకటి పెడతారు. అందులో ఎప్పుడూ 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచి ఉండి, చాంబర్‌లోని వాసననూ పురుగులనూ పైకి రానివ్వవు. ఆ నీళ్లు నిలవడానికి లోపల ఒక గిన్నె బోర్లించి ఉంటుంది. ఏదో ఒకనాడు వెంట్రుకలు అడ్డం పడి నీళ్లు ఆగితే ఆ గిన్నె తీసి అవతల పారేయండి. వెంటనే నీళ్లు జరజరా పోతాయి, ప్లంబర్ ఖర్చు తప్పుతుంది, మీ బాత్రూంకు చాంబర్‌తో నేరుగా సంబంధం కలుస్తుంది. వాడని బాత్రూం ఉంటే ఇంకా సులువు. చుట్టాల కోసమని కట్టించి ఏడాదికి రెండుసార్లు తెరిచే గదిలో ట్రాప్ నీళ్లు ఎండలకు ఆవిరైపోతాయి. వారానికొకసారి చెంబెడు నీళ్లు పోస్తే చాలునట. చెంబెడు నీళ్లంటే మాటలా?

కిరాయికిచ్చిన ఇల్లయితే ఇంటాయన నేర్చుకోవలసిన వాక్యం ఒకటుంది: "మీరొచ్చినంకనే వచ్చినై సార్, ముందు లేకుండె." కిరాయిదారు అనవలసింది: "మేమొచ్చేసరికే ఉన్నై అన్నా, అడ్వాన్సు ఇచ్చినమని ఊకున్నం." ఈ సంభాషణ ఇల్లు ఖాళీ చేసేదాకా నడపవచ్చు. మధ్యలో ఎవరూ జాలీ ఎత్తనక్కర్లేదు.

మేత సంగతి కూడా చెప్పాలి. జిగట దానంతటది పుట్టదు, పోషించాలి. అన్నం వార్చిన గంజి సింకులో పోయండి. ఒకప్పుడు పశువుల కుడితికి పోయేది, నూలు చీరలకు పోయేది. ఇప్పుడు కుడితి గోలెం లేదు, గంజి పెట్టే ఓపికా లేదు. గద్వాల చీర నేసే ఇళ్లల్లో గంజి విలువ తెలుసు. చీర కట్టే ఇళ్లల్లో దాన్ని నేరుగా మోరి ఈగలకు సమర్పిస్తున్నారు. ఆదివారం బోటి కూర చేసిన గిన్నె జిడ్డు, మిర్చి బజ్జీలు వేయించిన నూనె, టీ పొట్టు, ఉగ్గానిలో మిగిలిన పుట్నాల పొడి, అన్నీ అటే. మన గద్వాల సీమ బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు తెలుగువాళ్లు ఏం తిన్నారో, ఏం కట్టారో, ఏ ఆటలాడారో వెతికి వెతికి సాంఘిక చరిత్ర రాశారు. ఇప్పుడుంటే మనం సింకులో ఏం పోస్తున్నామో కూడా రాసేవారు. ఆ అధ్యాయం పొడుగ్గానే ఉండేది.

మామిడి కాలంలో ఇంకో రకం ఈగ వస్తుంది. కొల్లాపూర్ పండ్ల బుట్ట ఇంట్లో దిగిన మూడో రోజుకు దాని మీద తేలుతూ కనిపించేవి, ఎర్ర కళ్లవి, మోరి ఈగలు కావు. అవి పండ్ల ఈగలు. కల్లు ముంత మీద ఆడేవీ ఆ జాతే. 1910లో అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ సీసాల్లో పెంచి, తెల్ల కళ్ల ఈగ ఒకటి దొరికితే దాని వెంటబడి, వారసత్వ లక్షణాల గుట్టు విప్పి, 1933లో నోబెల్ బహుమతి తెచ్చుకున్నది వాటితోనే. వాటిని పట్టడానికి గ్లాసులో కొంచెం వెనిగర్, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి పెడితే పడి చస్తాయి. ఆ గ్లాసును తీసుకుపోయి బాత్రూంలో పెట్టండి. మోరి ఈగకు వెనిగర్ మీద అంత మోజు లేదు, దాని ఇష్టం జిగటే. గ్లాసులో ఒక్కటీ పడకపోతే వెనిగర్ కల్తీదని నిర్ధారించండి.

ఇక్కడొక మాట నవ్వులాటకు కాదు. సైకోడిడే కుటుంబంలోనే ఇంకో శాఖ ఉంది, ఇసుక ఈగలు. అవి కుడతాయి. బీహార్‌లో కాలా అజార్ జబ్బును మోసుకొచ్చేది అవే. 2003లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాందీపురా వైరస్ మెదడువాపు తెచ్చి 183 మంది పిల్లలను తీసుకుపోయినప్పుడు వేళ్లన్నీ వాటివైపే చూపాయి. అవి పుట్టేది మోరిలో కాదు, మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గరి చెత్తలో. వానకాలంలో పిల్లవాడికి ఉన్నట్టుండి జ్వరం, ఫిట్స్ వస్తే ఇట్లాంటి చిట్కాలు చదువుతూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. బాత్రూం అద్దం మీది ఈగకు ఆ రోగంతో సంబంధం లేదు.

మళ్లీ మన పనికి వస్తాను. ఇంట్లో ఒకరు తప్పకుండా విధానాన్ని చెడగొట్టాలని చూస్తారు. సాధారణంగా ఇంజనీరింగ్ చదివే కూతురో, కొత్తగా వచ్చిన కోడలో. రాత్రి పడుకునే ముందు జాలీ మీద సెల్లో టేపును జిగురు కిందికి ఉండేట్టు, గాలి ఆడటానికి కొంచెం సందు వదిలి అంటిస్తారు. పొద్దున లేచేసరికి టేపుకు ఈగలు అతుక్కొని ఉంటే ఆ మోరే పుట్టిల్లు. మర్నాడు రాత్రి సింకు, తర్వాత వాష్‌బేసిన్. నాలుగు రాత్రుల్లో మీ ఇంటి రహస్యమంతా బయటపడుతుంది. ఆ టేపు ముక్కలను చూపించి చెరువు మాట, మున్సిపాలిటీ మాట, కిరాయిదారు మాట అన్నిటినీ ఒక్కసారే కొట్టేస్తారు. కాబట్టి ఇంట్లో టేపు ఉంచకండి.

వాళ్లు అక్కడితో ఆగరు. బజారుకు పోయి పొడుగు పిడి ఉన్న గట్టి బ్రష్, సీసాలు కడిగే సన్న బ్రష్, రబ్బరు చేతితొడుగులు తెస్తారు. జాలీ ఎత్తి దాని అడుగు భాగం గోకుతారు, గిన్నె తీసి కడుగుతారు, గొట్టం గోడలను చెయ్యి అందినంత లోతుకు బ్రష్ తిప్పి జిగట ఊడేదాకా రుద్దుతారు, ఊడిన వెంట్రుకల ఉండను కాగితంలో చుట్టి చెత్తబండిలో వేస్తారు, సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, గిన్నె మళ్లీ పెట్టి ట్రాప్ నిండా నీళ్లు నింపుతారు. వాష్‌బేసిన్ పైఅంచు దగ్గర నీళ్లు పొంగిపోకుండా ఉండే చిన్న రంధ్రం లోపల కూడా బ్రష్ పెడతారు. ఆ రంధ్రం లోపల ఒకసారి చూసినవాళ్లు ఆ రోజు భోజనం చేయరు. ఫ్రిజ్ వెనక కింద ఒక ట్రే ఉంటుందని, అందులో నీళ్లు చేరతాయని కూడా వాళ్లే కనిపెడతారు. తడి మాప్‌ను బకెట్లో కుక్కకుండా ఎండలో ఆరేస్తారు, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి జాలీ కడతారు. వారానికి రెండుసార్లు, మూడు వారాలు వరుసగా ఇదే పని. గుడ్డు నుంచి ఈగ దాకా పట్టేది అంతే కనుక ఆ తర్వాత కొత్తవి పుట్టడానికి చోటు మిగలదు.

ఇంతదాకా రానిస్తే మన విధానం పని అయిపోయినట్టే. అడ్డుకోవడానికి ఒక్కటే దారి: మోరి కడగడం ఎవరి పని అనే ప్రశ్న లేవనెత్తండి. మన ఇళ్లల్లో దీన్ని మించిన ప్రశ్న లేదు. ఇంటాయన పని కాదు, కొడుకు పని కాదు, చదువుకునే పిల్ల పని కాదు. పనమ్మాయి "నా లెక్కల అది లేదమ్మా" అంటుంది, న్యాయమే. కావాలంటే చట్టం కూడా అడ్డం వేసుకోండి. మురుగు కాల్వల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరమని 2013లో చట్టం వచ్చింది. ఎన్నో ప్రాణాలు పోయాక వచ్చిన చట్టం అది. దాన్ని చూపించి, మన బాత్రూం జాలీ మనం ఎత్తడం కూడా నేరమేనని వాదించండి. సెప్టిక్ ట్యాంకు నిండినప్పుడు ఆ చట్టం గుర్తు రాకపోయినా ఫరవాలేదు, జాలీ దగ్గర గుర్తొస్తే చాలు.

చివరిగా చుట్టాలు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు, కొల్లాపూర్ పండ్లు పట్టుకొని వచ్చిన వియ్యంకులు చేతులు కడుక్కోవడానికి లేస్తే ముందు మీరు పరిగెత్తి లైటు ఆర్పేయండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని మనవాళ్లు ఊరికే అనలేదు. పల్లకీ మీదినుంచి దిగినవాళ్లకు లోపలి సంగతి తెలియనివ్వకూడదు. కరెంటు పోయిందని చెప్పి బయటి నల్లా దగ్గర చేతులు కడిగించండి.

ఇంకా అనుమానాలుంటే మా ఇంటికొచ్చి అడగండి. వేలాడదీసిన కవర్లు స్వయంగా చూడవచ్చు. ఆదివారం పొద్దున పది గంటలకు వస్తే మంచిది, అప్పుడు నేను తీరిగ్గా వాకిట్లోనే కూర్చొని ఉంటాను. ఆ టైముకు మా ఆవిడ బ్రష్ పట్టుకొని బాత్రూంలో ఉంటుంది, అడ్డం రావొద్దని నన్ను బయటికి పంపిస్తుంది.